మాటను పట్టి విషయాన్ని విడిచిన వేళ



ఒకే విద్య నేర్చినవారు, ఒకే పనిలో చెయ్యి తిరిగినవారు పదిమంది ఒకచోట కూడితే విషయం తేటపడాలి. తరచుగా జరిగేది మాత్రం అది కాదు. వైద్యులు కూడితే వైద్యం మీద, వైయాకరణులు కూడితే సంధుల మీద, రైతులు కూడితే నీటి మీద వాదం మొదలవుతుంది. గడియ గడవకముందే అది మనుషుల మీదికి మళ్ళుతుంది. ఇందుకు కారణం కోపమని మనం సాధారణంగా అనుకుంటాం. కోపాన్ని అణచుకుంటే సభ సజావుగా సాగుతుందని పిల్లలకు చెబుతాం. ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న నేను కూడా చాలాకాలం అట్లాగే చెప్పాను.

ఇప్పుడు అట్లా అనుకోవడం లేదు. సభను చెరిచేది కోపం కన్నా ఎక్కువగా హేళన. కోపగించినవాడు కనీసం విషయాన్ని పట్టుకొని ఉంటాడు. హేళన చేసేవాడు మాటను పట్టుకొని విషయాన్ని వదిలేస్తాడు. ఈ సంగతిని మన శాస్త్రాలు ఏనాడో చెప్పాయి. మన ప్రాంతపు చరిత్ర దాన్ని ఋజువు చేసింది. నేను మాత్రం బోధన్ వైపు ఒక కాలువ కట్ట దగ్గర, ఆలస్యంగా, ఇతరుల నష్టంతో నేర్చుకున్నాను. ఆ క్రమంలోనే మనవి చేస్తాను.

ముందుగా శాస్త్రం. చరకసంహిత విమానస్థానం ఎనిమిదవ అధ్యాయంలో 'తద్విద్య సంభాష' అనే ప్రకరణం ఉంది. ఒకే విద్య తెలిసినవారు తమలో తాము జరుపుకొనే చర్చ అని ఆ మాటకు అర్థం. వైద్యుడు వైద్యునితో మాట్లాడాలి, దానివల్ల జ్ఞానం పెరుగుతుంది, సందేహం తీరుతుంది, వాక్శక్తి కలుగుతుంది అని చరకుడు చెప్పాడు. అంతకన్నా రుచికరమైన మాట మరొకటి చెప్పాడు. గురువు ఎప్పుడో ప్రసన్నుడైనప్పుడు శిష్యునికి రహస్యంగా చెప్పిన విశేషాలు చర్చ వేడిలో బయటికి వస్తాయట! అంటే, పుస్తకంలో లేని విద్య సభలో దొరుకుతుంది. అది అందరికీ తెలిసినదై ఉండదు, ఎవరో ఒకరి దగ్గరే ఉంటుంది. ఆ ఒక్కడు నోరు తెరిస్తేనే సభకు ఫలం.

ఈ సంభాషను చరకుడు రెండు విధాలుగా విభజించాడు. స్నేహభావంతో జరిగేది సంధాయ సంభాష, పోరాటబుద్ధితో జరిగేది విగృహ్య సంభాష. మొదటిదానిలో భయం లేకుండా అడగాలి, అడిగినదానికి విశదంగా చెప్పాలి, ఓడిపోతానేమోనని దిగులు పడకూడదు, ఎదుటివాణ్ణి ఓడించానని సంతోషించకూడదు, బయటికి వెళ్ళి గొప్పలు చెప్పుకోకూడదు. ఇక రెండవదాని విషయంలో చరకుడు లోకజ్ఞుడు. చదువు తక్కువైనవాణ్ణి పొడవాటి సూత్రపాఠాలతో ముంచెత్తవచ్చుననే వంటి ఉపాయాలు కూడా చెప్పాడు. వైద్యునికి బతుకుతెరువు కూడా ముఖ్యమే గదా! అయినా వివేకులు కలహాన్ని మెచ్చరని కూడా చెప్పి ఉంచాడు.

న్యాయశాస్త్రం ఈ విభజనను ఇంకా సూక్ష్మం చేసింది. గౌతముని న్యాయసూత్రాలలో పదహారు పదార్థాలున్నాయి. వాటిలో వాదం, జల్పం, వితండం అని చర్చకు మూడు రూపాలు. తత్త్వం తెలుసుకోవడానికి చేసేది వాదం. గెలుపు కోసం చేసేది జల్పం. తనకంటూ ఒక పక్షం లేకుండా ఎదుటివాని పక్షాన్ని ఖండించడమే పనిగా పెట్టుకున్నది వితండం. 'వితండవాదం' అన్న మాటను మనం రోజూ వాడుతూనే ఉన్నాం, దాని వెనుక ఇంత కట్టుదిట్టమైన నిర్వచనం ఉందని మరచిపోయాం.

జల్పవితండాలలో వాడే ఆయుధాల్లో ఒకటి 'ఛలం'. అందులో మొదటిది వాక్ఛలం. దీనికి భాష్యకారులు చెప్పే ఉదాహరణ సుప్రసిద్ధం. ఒకడు 'ఇతడు నవకంబళుడు' అన్నాడు, కొత్త కంబళి కప్పుకొన్నవాడని అతని భావం. పక్కవాడు వెంటనే 'తొమ్మిది కంబళ్ళేవీ? ఒక్కటే కనబడుతోందే!' అన్నాడు. 'నవ' శబ్దానికి కొత్త అనీ, తొమ్మిది అనీ రెండర్థాలు. చెప్పినవాని భావం తెలిసి ఉండి కూడా రెండో అర్థాన్ని పట్టుకోవడమే ఛలం. సభలో నవ్వు పుడుతుంది, కంబళి సంగతి మరుగున పడుతుంది.

అదే శాస్త్రం ఇరవై రెండు నిగ్రహస్థానాలను కూడా లెక్కించింది. వాది ఓడిపోయినట్లు లెక్కగట్టే సందర్భాలవి. అసలు విషయం వదిలి వేరే విషయంలోకి పోవడం 'అర్థాంతరం'. 'నాకు వేరే పని ఉంది' అని మధ్యలో లేచిపోవడం 'విక్షేపం'. 'నాలో దోషముంటే నీలో లేదా?' అనడం 'మతానుజ్ఞ'. వీటిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది 'అననుభాషణం'. ఎదుటివాడు మూడుసార్లు చెప్పినా, సభకు అర్థమైనా, దాన్ని తిరిగి చెప్పలేకపోవడమని దాని లక్షణం. ఎదుటివాని మాటను అతడు ఒప్పుకొనేటట్లు తిరిగి చెప్పగలిగినవానికే జవాబు చెప్పే అర్హత ఉన్నదన్నమాట. ఈ ఒక్క నియమాన్ని గుర్తుంచుకొని ముందుకు సాగుదాం.

శాస్త్రం ఇంత స్పష్టంగా ఉన్నా, దాన్ని చదివిన పండితులే తమ సొంత వివాదంలో ఎట్లా నడుచుకున్నారో చూడదగినది. 1911లో జయంతి రామయ్య పంతులు మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తును స్థాపించారు. ఆ రోజుల్లోనే విద్యార్థులు పరీక్షల్లో వ్యాసం ఏ భాషలో రాయాలన్న ప్రశ్న మద్రాసు విశ్వవిద్యాలయం ముందుకు వచ్చింది. గ్రాంథికమా, శిష్టవ్యావహారికమా? ప్రశ్న శాస్త్రీయమైనదే. ప్రామాణికత అంటే ఏమిటి, ప్రయోగం ముందా సూత్రం ముందా అని తేల్చుకోవలసిన విషయం. కానీ 'గ్రామ్యం' అన్న ఒక్క మాట ఆ చర్చలో హేతువుకు బదులుగా చెల్లుబాటయింది. ఒక ప్రయోగాన్ని గ్రామ్యమన్నారంటే ఇక దాన్ని పరిశీలించనక్కర లేదన్నమాట.

ఆ వాతావరణంలోనూ చర్చ వ్యర్థం కాకపోవడానికి కారణం, దాని మధ్యలో ఉన్నవారు కొందరు ఆధారాలను కాగితం మీద పెట్టడం. గురజాడ అప్పారావు ఆ వ్యాసరచన సంఘంలో మెజారిటీ అభిప్రాయంతో ఏకీభవించలేదు. లేచిపోలేదు, అసమ్మతి పత్రం రాశారు. 1914 నాటి ఆ పత్రం ఈనాటికీ చదవదగిన భాషాశాస్త్ర గ్రంథం. గిడుగు వెంకట రామమూర్తి మరో మార్గం తొక్కారు. గ్రాంథికాన్ని సమర్థించే పండితులు రాసిన గ్రాంథికంలోనే వ్యాకరణ విరుద్ధాలైన ప్రయోగాలను ఏరి, పుటలకు పుటలు చూపించారు. ఆయన పుస్తకాల్లో ఒకదాని పేరు 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం'. పేరులో వెటకారం లేకపోలేదు. అయితే ఆయన ఒకని నోటి నుండి జారిన ఒక మాటను పట్టుకొని నవ్వించలేదు. అక్కడ మాటే విషయం, ప్రయోగాల రాశే సాక్ష్యం. 'ఈ నియమాన్ని మీరే పాటించలేకపోతున్నారు, పిల్లలెట్లా పాటిస్తారు?' అన్నది ఆయన వాదసారం. ఫలితం చూడండి. ప్రధానంగా గ్రాంథికంలో రాసిన కందుకూరి వీరేశలింగం 1919లో, తమ చివరి రోజుల్లో, వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షులయ్యారు. హేళన వల్ల ఎవరూ పక్షం మార్చుకోరు, ఆధారం వల్ల మార్చుకొంటారు.

ఇది సర్కారు జిల్లాల కథ. అక్కడ తెలుగులో ఏ తెలుగు అన్నది తగవు. అదే కాలంలో మా నిజాం రాష్ట్రంలో అసలు తెలుగుకే సభలో చోటు లేదు. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధినీ థియేటరులో సంఘసంస్కార మహాసభ జరిగింది. అధ్యక్షులు మహర్షి ధోండో కేశవ్ కార్వే. స్త్రీవిద్య కోసం జీవితాన్ని ధారపోసిన మహనీయుడు. కూడినవారూ సామాన్యులు కారు, విద్యావంతులు, సంస్కారప్రియులు. ఇంగ్లీషులో మాట్లాడారు, విన్నారు. ఉర్దూలో, మరాఠీలో మాట్లాడారు, విన్నారు. ఆలంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది లేచి తెలుగులో మాట్లాడబోగా సభికులు చప్పట్లు చరిచారు, గేలి చేశారు. ఆయన ఏ తీర్మానం మీద ఏమి చెప్పదలచారో ఎవరికీ పట్టలేదు. పట్టుకొన్నది ఆయన భాషను మాత్రమే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఆ సభ చెడ్డవారి సభ కాదు. సంఘాన్ని సంస్కరించాలని కూడిన సభ. అందులో ఎవరికీ ఆలంపల్లి వారి మీద వ్యక్తిగతమైన కోపం లేదు. కోపం లేకుండానే ఒక సభ చీలిపోయింది! ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో కొందరు తెలుగువారు కూడి ఆంధ్ర జనసంఘానికి పునాది వేశారు. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు వంటివారు ఆ ఉద్యమానికి కొమ్ము కాశారు. ఒక నవ్వు వెల అంత.

అయితే అవమానం పొందినవారు ఏం చేశారన్నదే నాకు ఎక్కువ ఆసక్తి కలిగించే విషయం. మరాఠీ వారి సభకు పోయి తిరిగి చప్పట్లు కొట్టలేదు. గ్రంథాలయాలు పెట్టారు. తాళపత్రాలు, శాసనాలు వెదికారు. 1923లో కన్నుమూసిన కొమర్రాజు లక్ష్మణరావు పేరు మీద లక్ష్మణరాయ పరిశోధక మండలి పనిచేసింది. ఆ మండలి ప్రకటించిన 'తెలంగాణా శాసనములు' సంపుటం చరిత్రకారులకు ఈనాటికీ పనికివచ్చే పుస్తకం. శాసనపాఠం విషయంలో ఇద్దరికి భేదం వస్తే గొంతు పెంచి లాభం లేదు. రాయి దగ్గరికి పోయి అక్షరం చూడాలి. అందరికీ కనబడే రాయి ఒకటి మధ్యలో ఉన్న చర్చ దారి తప్పడం కష్టం.

ఇదే పద్ధతిని సురవరం ప్రతాపరెడ్డి మరింత ఘనంగా చూపించారు. 1926లో గోలకొండ పత్రిక ప్రారంభించినవారు ఆయన. తెలంగాణంలో తెలుగు కవులు పూజ్యమని ఒకరు వ్రాసినప్పుడు ఇక్కడివారికి ఎంత రోషం కలిగి ఉంటుందో ఊహించవచ్చు. సంపాదకుని చేతిలో పత్రిక ఉంది. ఘాటైన సంపాదకీయాలు పది రాసి ఉండవచ్చు. ఆయన ఊరూరి నుండి కవుల పేర్లు, పద్యాలు రప్పించారు. 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' వెలువడింది. ఆ తరువాత ఆ మాట మళ్ళీ అనేవాడు లేడు. రెచ్చగొట్టిన వాక్యం ఒక్కటే, జవాబు ఒక గ్రంథం. వాదమంటే ఇది.

ఇప్పుడు మా ఊరి ప్రస్తావన. ఆంధ్ర జనసంఘం పెరిగి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ అయింది. 1930లో జోగిపేటలో సురవరం వారి అధ్యక్షతన తొలి సభ జరిగింది. ఆరవ సభ 1937లో మా నిజామాబాదులో. సభ జరపాలంటే ముందుగా సర్కారు అనుమతి పొందవలసిన గస్తీ నిషాన్ 53 నీడలో ఈ సభలు నడిచాయి. నోరు జారితే మరుసటి సభ ఉండదు. నిజామాబాదు సభకు అధ్యక్షత వహించినవారు మందుముల నరసింగరావు. ఆయన 'రయ్యత్' అనే ఉర్దూ పత్రిక సంపాదకులు. తెలుగును గేలి చేసినందుకు పుట్టిన సంస్థ, పదహారేళ్ళ తరువాత, ఉర్దూలో కలం నడిపిన పెద్దమనిషిని అధ్యక్షపీఠం మీద కూర్చోబెట్టింది! వారు అవమానాన్ని మరవలేదు గాని దాన్ని ఇతర భాషల మీద ద్వేషంగా మార్చుకోలేదు. మా పట్టణ చరిత్రలో ఈ ఘట్టం నాకు గర్వకారణం.

మర్యాద పాటిస్తే చీలికలుండవని మాత్రం నేను అనను. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన భువనగిరి సభ దగ్గర ఆంధ్ర మహాసభ మితవాదులు, అతివాదులుగా చీలిపోయింది. అది సిద్ధాంతభేదం. లక్ష్యాలే వేరైనప్పుడు ఎవరి దారి వారిదవుతుంది, అందులో సిగ్గుపడవలసింది లేదు. 1921 చీలిక అట్లాంటిది కాదు. అక్కడ లక్ష్యం ఒకటే, వినే చెవి మాత్రం లేదు.

ఇక నా కథ. మహాసభ మా ఊళ్ళో జరిగిన 1937లోనే బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసింది. దానికి ఆరేళ్ళ ముందే, 1931లో, మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది. ఆ నిర్మాణానికి సూత్రధారి ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువ నీళ్ళు రావడంతో చెరకు వచ్చింది, చెరకుతో ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీతో శక్కర్‌నగర్ వచ్చాయి. కోస్తా జిల్లాల నుండి రైతు కుటుంబాలు వచ్చి ఆయకట్టులో 'క్యాంపులు' కట్టుకొన్నాయి. సరిహద్దు అవతలి మరాఠీ, పట్టణాల్లో ఉర్దూ, ఊళ్ళలో మా తెలుగు, క్యాంపుల్లో వారి తెలుగు. 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించి ఫ్యాక్టరీని మూసేవరకు ఈ భాషలన్నీ ఆ కాటా దగ్గర, చెరకు బండ్ల వరుసలో కలిసేవి.

తొలుత సుమారు 30 టీఎంసీల నీటిని పట్టిన నిజాంసాగర్, పూడిక పేరుకొని సుమారు 18 టీఎంసీలకు తగ్గింది. నీళ్ళు తగ్గితే మాటలు పెరుగుతాయి. 1997లో వచ్చిన చట్టం ప్రకారం ఆయకట్టు రైతులతో నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. మా వైపు ఒక సంఘంవారు, తెలుగు బాగా రాస్తానని, సమావేశాల తీర్మానాలు రాసిపెట్టమని నన్ను అడిగారు. ఊరి పేరు, సంఘం పేరు ఇక్కడ అనవసరం. అప్పటికి నాకు నలభై ఏళ్ళు నిండలేదు. వ్యాకరణం కొత్తగా వంటబట్టిన పొగరు ఇంకా దిగలేదు.

యాసంగి నీళ్ళు వదిలిన కొద్దిరోజులకు ఒక సమావేశం జరిగింది. మరో జిల్లా నుండి వచ్చిన ఇంజనీరుగారు, క్యాంపు రైతులు, ఊరి రైతులు, లష్కర్లు అంతా కలిసి నలభైమంది ఉంటారు. వంతుల గురించి వాదం నడుస్తున్నది. చివరి ఆయకట్టు నుండి వచ్చిన ఒక వృద్ధుడు లేచి, 'తూము పక్కపొంటి కట్ట కిందికెల్లి నీళ్ళు పోతున్నయి సారూ' అన్నాడు.

మా భాషలో 'కిందికెల్లి' అంటే కింది నుండి. నేను పుట్టి పెరిగిన భాష అది, మా అమ్మ భాష. ఆయన ఏమన్నాడో నాకు క్షణంలో అర్థమైంది. అయినా నలభైమంది ఎదుట పాండిత్యం ఊరుకోలేదు. 'నీళ్ళు కిందికెళ్ళక మీదికెళ్తాయా పెద్దయ్యా?' అన్నాను. సభ ఘొల్లుమంది. వాదం వేడి మీదున్న సభ కదా, ఆ నవ్వుతో తేలిక పడిందని నేను లోలోపల మెచ్చుకొన్నాను కూడా. ఆయన ఇంకేదో చెప్పబోయి కూర్చున్నాడు. నేను పుస్తకంలో 'నీరు దిగువకు పోవుచున్నదని ఒక రైతు తెలిపినారు' అని రాశాను. వ్యాకరణదోషం లేని వాక్యం. అర్థం మాత్రం పూర్తిగా తప్పు. నవకంబళం కథను ఎన్నోసార్లు పిల్లలకు చెప్పినవాణ్ణి నేనే!

పదిరోజులు గడిచాయి. ఒక రాత్రి సరిగ్గా ఆ తూము పక్కనే కట్ట కుంగి తెగింది. పిల్లకాలువ మూసివేసి మట్టి పోసేవరకు దిగువ పొలాలకు నీళ్ళు లేవు. పొట్టకొచ్చే వరికి తడి తప్పింది. ఇంజనీరుగారు తెగినచోట నిలబడి నాకు వివరించారు. కట్ట నుండి నీరు తేటగా ఊరితే అంత ప్రమాదం లేదట. మన్ను కలిసి బురదగా వస్తే కట్ట లోపల నీరు మట్టిని కొద్దికొద్దిగా కోసుకుపోతూ సొరంగం చేస్తున్నదని గుర్తట. దాన్ని 'పైపింగ్' అంటారని, తొలిదశలో పట్టుకొంటే ఇసుక బస్తాలతో, మట్టితో ఒక పూటలో సరిచేయవచ్చునని చెప్పారు. 'ముందుగా ఎవరూ చూడలేదా మాస్టారూ?' అని అడిగారు. చూసినవాడున్నాడు. చెప్పినవాడు కూడా ఉన్నాడు. ఆయన చెప్పబోయి ఆపేసిన రెండో మాట ఏమిటో నాకు ఆ క్షణాన తెలిసింది.

మరునాడు సైకిలు మీద ఆయన ఇంటికి పోయాను. తప్పయిందన్నాను. ఆయన కోపగించలేదు. నులకమంచం వాల్చి కూర్చోమన్నాడు, చాయ ఇప్పించాడు. 'బురద నీళ్ళొస్తున్నయని చెప్దామనుకున్న సారూ. అందరు నవ్విరి. నాకే ఏమన్న తప్పు పోయిందేమొ అనుకున్న' అన్నాడు. కొంతసేపయ్యాక, 'నేను చెప్పింది రాసిండ్రా మరి?' అని అడిగాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. రాశాను, కాని ఆయన చెప్పింది రాయలేదు.

ఆ తరువాత నేను ఆ సంఘానికి ఆరేళ్ళు తీర్మానాలు రాశాను. నా తప్పు నుండి కొన్ని పద్ధతులు ఏర్పడ్డాయి. సమావేశం మొదట్లోనే ఇంజనీరుగారో లష్కరో గేజీ లెక్క చదవాలి. నీరెంతుందో అందరికీ ఒకే అంకె తెలిసినాకే మాటలు. శాసనపరిశోధకులకు రాయి ఎట్లాగో మాకు గేజీ అట్లా. మొదట మాట్లాడేది చివరి ఆయకట్టువారు, ఎందుకంటే కాలువ లోపం ముందుగా తెలిసేది వారికే. ఎవరేం చెప్పినా నేను దాన్ని వారి మాటల్లోనే తిరిగి చదివి, 'మీరన్నది ఇదేనా?' అని అడగాలి. వారు ఔనన్నాకే ఇతరులు జవాబు చెప్పాలి. 'కిందికెల్లి' అంటే 'కిందికెల్లి' అనే రాయాలి, తెలియనివారికి అర్థం పక్కన రాయాలి. లేవబోయే ముందు తీర్మానం అందరికీ వినిపించి సంతకాలు, వేలిముద్రలు తీసుకోవాలి.

ఇవేవీ కొత్తవి కావు. మాటను తిరిగి చదవడం గౌతముడు చెప్పిన అనుభాషణమే. ఓడిస్తే సంతోషించవద్దన్నది చరకుడు చెప్పినదే. ఈ పద్ధతుల వల్ల తగవులు మాయం కాలేదు. నీరు తక్కువైన ఏడు గొంతులు లేస్తూనే ఉండేవి. ఒకసారి ఇద్దరు కుర్చీలు ఎత్తారు కూడా. అయితే ఒక తేడా కనిపించింది. ఒకని మాటను మరొకడు తిరిగి చెప్పవలసి వచ్చినప్పుడు అందులో సగం కోపం ఆరిపోయేది. 'నేనన్నది అది కాదు' అన్న మాట తగ్గింది. తగవు ముగిసేసరికి పుస్తకంలో ఒక పని, దానికి ఒక తేదీ, ఒక బాధ్యుడు మిగిలేవారు.

1921 నాటి వివేకవర్ధినీ సభ గురించి చదివినప్పుడల్లా ఆలంపల్లి వారి పక్షాన నిలబడి బాధపడేవాణ్ణి. తెలుగువాడికి అంత అవమానమా అని తరగతిలో ఆవేశంగా చెప్పేవాణ్ణి. ఆ కాలువ కట్ట తెగిన తరువాత నాకు నా స్థానం తెలిసింది. ఆ సభలో నేను వేదిక మీది ఆలంపల్లి వారిని కాను, కింద కూర్చుని చప్పట్లు చరిచినవాణ్ణి. అక్కడ తెలుగును గేలి చేశారు. ఇక్కడ తెలుగు పండితుడు తెలుగునే గేలి చేశాడు. వారికి కనీసం ఆ భాష రాదు. నాకు వచ్చు.

అందుచేత, పదిమంది పనివాళ్ళు కూడి ఒక సంగతి తేల్చుకోవలసిన సభలో పెద్దరికం వహించే మిత్రులకు నా మనవి ఒక్కటే. కోపాన్ని చూసి భయపడకండి, దాన్ని విషయం వైపు తిప్పవచ్చు. ఒకరి ఉచ్చారణకో, యాసకో, తడబాటుకో సభ నవ్వినప్పుడు మాత్రం వెంటనే ఆపండి. ఆ నవ్వుతో కూర్చుండిపోయిన మనిషి దగ్గరే ఆనాటి సభకు కావలసిన మాట ఉండి ఉండవచ్చు.

ఆ వృద్ధుడు ఇప్పుడు లేడు. తీర్మానాల పుస్తకం తెరిచిన ప్రతిసారీ ఆయన ప్రశ్న నాకు వినబడేది. 'నేను చెప్పింది రాసిండ్రా మరి?'

సెలవు.